నాలుగు నిమిషాల ముక్క

పోయినవారం కథ ఆపేసరికి మేము చీకట్లో కూర్చుని ఉన్నాం. పటాన్‌చెరు హైవే పక్కనున్న హాల్లో, శనివారం మ్యాట్నీ, బెంచీ క్లాసులో. నా పక్కన మొగులయ్య కాక, ఆయనకు అవతల ఆయన భార్య ముత్యమ్మ చిన్నమ్మ. తెర మీద మా ఊరివాడు అబ్దుల్ వహాబ్ తీసిన ‘ఎర్రవాగు బ్యాచ్’ నడుస్తోంది. పదో తరగతి లెక్కల పరీక్ష పొద్దున తొమ్మిది మంది పిల్లలు బడి అరుగు మీద కూర్చుని ఫ్యాక్టరీ సైరన్ కోసం ఎదురుచూస్తున్నారు. సైరన్ మోగదు. ఒకడు గోడ దూకి సైరన్ గది తలుపు తోస్తాడు. అక్కడ ఆపాను.

తలుపు తెరుచుకుంది.

లోపల ఖాకీ చొక్కా మనిషి గురక పెడుతున్నాడు. పొట్ట మీద కల్లు సీసా ఊపిరితో పాటు లేస్తూ దిగుతూ ఉంది. కోడిపుంజు ఒకటి సైరన్ బటన్‌ను పొడుస్తోంది. పొడిచినప్పుడల్లా సైరన్ సగం కూసి ఆగిపోతోంది. హాలంతా నవ్వు. ఆ మనిషి ఉలిక్కిపడి లేచాడు, తూలుకుంటూ పోయి బటన్ మీద చెయ్యి వేశాడు. నొక్కేముందు ఎడమ చేతి చిటికెన వేలు చెవిలో పెట్టుకున్నాడు.

అది ఎవరి వేలో నాకు తెలుసు. పదకొండేళ్లు, రోజుకు నాలుగుసార్లు, మా ఫ్యాక్టరీ సైరన్ నొక్కేముందు మొగులయ్య కాక ఆ వేలు అట్లాగే పెట్టుకున్నాడు. మా చుట్టుపక్కల ఊళ్లలో ఇంకెవరికీ ఆ అలవాటు లేదు. తెర మీది వెలుతురులో ఆయన మొహం చూశాను. నవ్వు ఇంకా పెదాల మీదే ఉంది. దాన్ని తీసేయాలని ఆయనకు తోచలేదు.

అప్పటిదాకా ఆయన నవ్వుతూనే ఉన్నాడు. అది కూడా చెప్పాలి, లేకపోతే నేను అబద్ధమాడినట్టు అవుతుంది. మొదటి గంట నేనూ నవ్వాను. వహాబ్ పిల్లల్ని సినిమా పిల్లల్లాగా చూపలేదు. ఫ్యాక్టరీ నీళ్ల పైపు మీద ముగ్గురు కూర్చుని ఒకే ఐసుపుల్లను వంతులు వేసుకుని నాకుతారు. ఒకడి వంతు వచ్చేసరికి అది కరిగి మోచేతి దాకా కారుతుంది. వాడు మోచేతిని నాకుతాడు. ఆ ముక్క ఎంతసేపు నడిచిందో, అందులో మాట ఒక్కటీ లేదు. పాటలకు ఎవరూ మంచు కొండల మీదికి పోలేదు. తలకు నూనె కారుతున్న పిల్లలు, గుండీ ఊడిన చొక్కాలు, ఆడపిల్లలు టిఫిన్ మూత మీద గోటితో లెక్కలు చేయడం. ఇంత పెద్ద తెర మీద మా మొహాలు మేమెప్పుడూ చూసుకోలేదు. ముత్యమ్మ చిన్నమ్మ అయితే “అగో మన గొట్టం, అగో మన కట్ట” అని వేలు పెట్టి చూపించింది.

వాగు ఎర్రగా కనబడగానే నాకు మొదటి ములుకు దిగింది. పిల్లలు అందులో తెల్ల చొక్కాలు ముంచి రంగు వేసుకుంటారు. హాలు నవ్వింది. ఆ వాగులో ఎవరి బర్రెలు ఏమయ్యాయో అడిగే మనిషి ఆ సినిమాలో లేడు. నత్తి సారు వచ్చాడు, నవ్వు. మెల్లకన్ను కండక్టర్ వచ్చాడు, నవ్వు. ఇంటర్వెల్ తర్వాత ఆడపిల్లలు కనబడటమే మానేశారు. చివరికి తొమ్మిది మందీ సెప్టెంబర్ పరీక్షలో పాసై ఎర్రవాగులో ఎగురుకుంటూ ఆడారు.

నిజంగా ఆ తొమ్మిది మంది మేమే, మళ్లీ పరీక్ష రాసింది నలుగురే. వహాబ్ రాశాడు. నేను రాయలేదు, ఇప్పుడు బాయిలర్ దగ్గర పని చేస్తున్నాను. లెక్కల్లో మా అందరికన్నా ముందుండే పుష్పమ్మ మందుల కంపెనీ ప్యాకింగ్‌లో మాత్రల అట్టలు లెక్కపెడుతోంది.

ఆ పొద్దు ఎట్లా జరిగిందంటే, మా ఊరికి గడియారం అంటే సైరనే. ఆరుకు కూస్తే బర్రెలు పిండేవాళ్లు. ఎనిమిదికి కూస్తే పొయ్యి మీద ఎసరు పెట్టేవాళ్లు. ఎనిమిది కూత విని బడి అరుగు మీద నుంచి లేస్తే, ఎనిమిదింపావు జిన్నారం బస్సు సరిగ్గా అందుతుంది. ఆ రోజు సైరన్ కూయలేదు, బస్సు మాత్రం పోయింది. తర్వాతి బస్సు పదకొండింటికి. మేము జిన్నారంలో పరీక్ష సెంటర్‌కు చేరేసరికి గేటు మూసేశారు. డ్యూటీలో నిద్రపోయాడని కంపెనీ మొగులయ్య కాకను తీసేసింది. ఏ కంపెనీ కూడా మళ్లీ పెట్టుకోలేదు. ఊళ్లో నీళ్ల ట్యాంకు వాల్వు తిప్పే పని దొరికింది. “మొగులయ్యా, నల్ల ఇడిసి పండుకోకు” అని పదేళ్ల పాటు జనం అన్నారు. ఈ రెండేళ్ల నుంచే ఆ మాట మరిచిపోతున్నారు.

మర్నాడు ఆదివారం. మన ఊరి పిల్లగాడు సినిమా తీశాడని సర్పంచ్ రెండు ట్రాక్టర్లు కట్టిస్తున్నాడు. మార్నింగ్ షోకు ఊరు ఊరంతా వస్తుంది.

మ్యాట్నీ వదిలాక బయటికి వచ్చాం. సైకిల్ స్టాండ్ పక్కన, పోస్టర్ కింద వహాబ్ నిలబడి ఉన్నాడు. జనం ఎక్కడెక్కడ నవ్వుతున్నారో చూసుకోవడానికి హైదరాబాద్ నుంచి వచ్చాడట. వాళ్ల నాన్న బాబా మియాను హాలువాళ్లు ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టి, చేతికి చాయ్ ఇచ్చారు. అదే కంపెనీలో ఇరవై ఏళ్లు జీపు నడిపి రిటైరైన మనిషి. ఆపరేటర్ చిన్నరాములు క్యాబిన్ దిగి బీడీ కాల్చుకుంటున్నాడు.

మా వెనక దిగిన కుర్రాళ్లు ఇద్దరు మొగులయ్య కాకను దాటుకుంటూ పోయి, చెవుల్లో చిటికెన వేళ్లు పెట్టుకుని ‘కుయ్’మన్నారు. వాళ్లకు ఈయన ఎవరో తెలియదు. సినిమా నచ్చింది, అంతే.

ముత్యమ్మ చిన్నమ్మ నేరుగా పోస్టర్ కిందికి పోయింది.

“సిన్మా మంచిగుంది కొడుకా.”

“సంతోషం చిన్నమ్మా. నువ్వొస్తవని అనుకోలే.”

“మా ముసలోడు కల్లు తాగుతడని నాకే ఎర్కలేదు. ముప్పయ్యేండ్లు ఒక్క కంచంల తిన్న. నీకెట్ల ఎర్కైందిరా?”

వహాబ్ నవ్వు ఆగింది. “అది కాక కాదు చిన్నమ్మా. ఉత్త పాత్ర. సిన్మాలకు పెట్టుకుంటం గట్ల.”

“మరి గా వేలు ఎవలది?”

“వేలా? ఊర్కెనే. జెర మంచిగుంటదని…”

“మంచిగనే ఉంది. నువ్వే ఉంచుకో ఇగ. రేపటి సంది మా ముసలోడు ఆ వేలు బయటికి తీసేటట్టు లేదు.”

బీడీ కాలుస్తున్న చిన్నరాములు పక్కకు తిరిగి నవ్వుకున్నాడు. కాక తన భార్య భుజం మీద చెయ్యి వేసి వెనక్కి జరిపాడు. ఆయన ఎవరినీ గట్టిగా అడిగిన మనిషి కాదు. ఇప్పుడాయన అడుగుతుంటే చూడలేక నేను పోస్టర్ వైపు చూశాను.

“వహబూ, రేపు ట్రాక్టర్లొస్తయి బిడ్డా. మందంత వస్తరు. జెర గా ముక్క తీసెయ్యి. మిగిలిందంత ఉండనీ. పిల్లలు మంచిగ చేసిన్రు.”

“కాకా, అది తీస్తే సిన్మాల ఏం మిగుల్తది? జనం అక్కడనే నవ్వుతున్నరు. హైదరాబాద్ పేపరోళ్లు దాని గురించే రాసిన్రు.”

చిన్నరాములు బీడీ పడేశాడు. “తీసుడెంతసేపు సార్? నాలుగు నిమిషాల ముక్క. కత్తెరేసి టేపు పెడ్త. ఫస్ట్‌షోకు రోజు కోస్తనే ఉన్న.”

“ఏం కోస్తున్నవ్?”

“తొమ్మిదిన్నరకు నైట్ డ్యూటీ సి-షిఫ్టోళ్ల బస్సు పోతది సార్. లేటైతే కుర్సీలిరగ్గొడ్తరు. పిల్లలు గొట్టం మీద ఐసు నాకుతరు సూడు, గది తీసేస్త. మాటల్లేవ్ కదా అని.”

వహాబ్ మొహం చూడాల్సింది. మొత్తం సినిమాలో చిన్నరాములు తీసేసింది నాకు నచ్చిన ఒకే ఒక్క ముక్క.

“అది కోసెటోనివి ఇది కోసుడెంత పనిరా?” అన్నాను చిన్నరాములుతో.

“సత్తిగా, నువ్వు నడుమల రాకు. నీకు సిన్మా అంటే ఏంది ఎర్కలేదు,” అన్నాడు వహాబ్.

నాకు మాట్లాడే అలవాటు లేదు. బాయిలర్ మోతలో ఎనిమిది గంటలు నిలబడేవాడికి నోరు తెరవడం తప్పిపోతుంది. కానీ ఆ మాటతో లోపల ఏదో జారింది.

“ఎర్కలేదు. చూసింది చెప్త, విను. మొదటి గంట మంచిగ తీసినవ్. గట్ల ఇంకెవ్వడు తియ్యలే. నా చిన్నప్పటి మోచెయ్యి నాకు కనబడ్డది. కానీ నీకు నవ్వు కావాల్నంటే ఎప్పుడు కిందోడే కావాలె. నత్తి సారు, మెల్లకన్ను కండక్టరు, సైరన్ మనిషి. కంపెనీ మేనేజర్ మీద ఒక్క జోకు లేదేందిరా? వాగు ఎర్రగైంది ఎవనితోటి? మేకప్ వాళ్లతోటా?”

“అది పిల్లల సిన్మా. ధర్నా కాదు.”

“పిల్లల సిన్మానే. పుష్పమ్మేది మరి? ఇంటర్వెల్ల మిర్చి బజ్జీ కొనుక్కోనీకి పోయి ఇంక రాలేదా?”

“వాళ్లకు సీన్లు రాసిన రా. లెంత్ ఎక్కువైందని తీసేసిన.”

“కోడిపుంజుకు మాత్రం జాగ దొరికింది.”

చుట్టూ పది మంది జమయ్యారు. వహాబ్ ఒక అడుగు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. “అరే, ఇజ్జత్ తియ్యకురా. అబ్బా ఈడనే కూసున్నడు.”

“మొగులయ్య కాకకు లేదా ఇజ్జత్?” నేను గొంతు తగ్గించలేదు. “సరే, ఇంకొక్కటి. గడియారమేది?”

వాడి చెయ్యి ఎడమ మణికట్టు మీదికి పోయింది.

“నీ సిన్మాల తొమ్మిది మంది పిల్లలున్నరు. ఒక్కని చేతికి గడియారం లేదు. ఆ పొద్దు ఉండే కదా?”

ఉంది. వహాబ్ చేతికే ఉంది, వాళ్ల నాన్నది. పరీక్ష కోసం పెట్టుకొచ్చాడు. అందులో ఎనిమిదీ అయిదైంది. ఎనిమిదీ పదైంది. సైరన్ కూయలేదు కాబట్టి గడియారం తప్పని మేమంతా అన్నాం. మా ఊళ్లో సైరన్ విని గడియారం తిప్పుకుంటారు, గడియారం చూసి సైరన్‌ను ఎవరూ అనుమానించరు. వాడు కూడా అనుమానించలేదు. మా కళ్ల ముందే ముల్లును ఇరవై నిమిషాలు వెనక్కి తిప్పాడు. తిప్పి, “ఇప్పుడు కరెక్టు” అన్నాడు. అవతల రోడ్డు మీద బస్సు హారన్ వినబడుతోంది.

“గది సిన్మాకు పనికి రాదురా,” అన్నాడు చివరికి.

“ఎందుకు రాదు? అన్నిటికన్న నవ్వొచ్చేది గదే. చేతిల టైం పెట్టుకొని, దాన్ని ఎనకకు తిప్పి, బస్సు పోతుంటే కూసున్నం. ఊరంత పడి నవ్వుతుండె. కాకపోతే నీ మీద నవ్వుతుండె.”

ఎవరో వెనక నుంచి “సహీ బాత్” అన్నారు. వహాబ్ మెడ ఎర్రబడింది. వాడు నన్ను వదిలేసి మొగులయ్య కాక వైపు తిరిగాడు. మంచివాడే వాడు. కానీ నలుగురిలో దొరికిపోయిన మంచివాడు కంటికి ముందెవరు కనబడితే వాళ్ల మీద పడతాడు.

“సరే కాకా. నువ్వు పండుకోలేదను. మరి సైరన్ ఎందుకు కూయలే? పన్నెండేండ్లాయె, ఒక్కనికి చెప్పలే. ఇప్పుడు చెప్పు. ఒక్క మాట చెప్పు చాలు. పైకి పోయి నా చేతులతోటే కోస్త.”

అందరం ఆయన వైపు చూశాం. నాకూ తెలియదు ఎందుకు కూయలేదో. ముత్యమ్మ చిన్నమ్మకూ తెలియదు. పెళ్లాం అడిగితే చెప్పని మాట ఒకటి ఆయన లోపల ఉందని మాత్రం ఊరికి తెలుసు. కాక తువాలుతో మొహం తుడుచుకున్నాడు. తువాలు భుజాన వేసుకున్నాడు.

“చూసినవా?” వహాబ్ నా వైపు తిరిగాడు. “నేను కల్పించి రాయలే. కంపెనీ కాగితం చదివిన. ‘డ్యూటీలో నిద్రించినందుకు’ అని సాఫ్‌గ రాసి ఉంది. కింద కాక వేలిముద్ర ఉంది. కాగితం అబద్ధమాడ్తదా?”

“ఏడ చదివినవ్?” ముత్యమ్మ చిన్నమ్మ అడిగింది.

“మా ఇంట్ల. అబ్బా పెట్టెల ఉంది. కథ రాసేటప్పుడు పాత కాగితాలన్ని తీసి చూసిన.”

“ఎవల పెట్టెల?”

“మా అబ్బా…” అంటూ ఆగిపోయాడు వహాబ్.

చిన్నమ్మ చదువుకోలేదు. కాని ఏ వస్తువు ఏ ఇంట్లో ఉండాలో ఆమెకు తెలుసు. ఆమె కొంగు నడుముకు దోపుకుంది.

“మా ముసలోని నౌకరి తీసిన కాగితం మీ ఇంట్ల ఎందుకున్నది? మాకియ్యలే. కంపెనీల ఉండాలె, లేకుంటే మా గూట్ల ఉండాలె. మీ పెట్టెలకెట్లొచ్చింది వహబూ?”

వహాబ్ ఆ సంగతి ఆలోచించనే లేదు. సినిమాకు సరిపోయే కాగితం దొరికిందన్న సంబరంలో, అది తమ పెట్టెలో ఎందుకుందని తనను తాను అడగలేదు. మెల్లగా తలతిప్పి కుర్చీ వైపు చూశాడు. చిన్నరాములు చూశాడు. నేనూ చూశాను.

బాబా మియా చాయ్ తాగలేదు. గ్లాసు పట్టుకునే ఉన్నాడు, పైన మీగడ కట్టింది.

అందరికన్నా ముందు కదిలింది మొగులయ్య కాక.

“ఇగ చాలు. ముత్యాలూ, పోదం పా.” ఆయన గొంతులో నేనెప్పుడూ వినని తొందర ఉంది. “వహబూ, ఆ ముక్క ఉండనీ బిడ్డా. ఏం కోయకు. నవ్వుకోనీ మందిని. రేపు నేను గూడ ట్రాక్టర్ ఎక్కుత, ముంగట కూసొని నవ్వుత. సరేనా? సత్తయ్యా, నువ్వు గూడ ఇంకేం అనకు. నా మీద ఒట్టు.”

ఇంతసేపూ పేరు కోసం బతిమాలిన మనిషి, ఇప్పుడు ఆ పేరును తానే తీసి కాలువలో పారేస్తున్నాడు. బాబా మియా వైపు మాత్రం చూడటం లేదు. ఎంత జాగ్రత్తగా చూడకుండా ఉన్నాడంటే, మేమందరం అటే చూడక తప్పలేదు.

“ఆగు, మొగులయ్యా.”

బాబా మియా లేచాడు. గ్లాసు కుర్చీలో పెట్టాడు.

“భాయ్, కూసో నువ్వు,” అన్నాడు కాక. “పెద్దమనిషివి. పిల్లల లొల్లిలకు రాకు. మాటిచ్చిన కదా నీకు.”

“నువ్విచ్చినవ్. తీసుకున్నది నేను కదా. తీసుకున్నోడు వాపస్ ఇయ్యొచ్చు.” ఆయన నడిచి వచ్చి కొడుకు ముందు నిలబడ్డాడు. కొడుకు కన్నా జానెడు పొట్టి. “కాగితం మీద మొగులయ్య వేలు పట్టి ముద్ర ఏపించింది నేనే, బేటా. ఏం రాసుందో చదివి చెప్పలే. ఆయనకు అక్షరం రాదు కదా. కాపీ ఆయనకియ్యాలె. ఇయ్యనీకి చెయ్యి రాలే. పెట్టెల దాచిన.”

“అబ్బా, ఏమంటున్నవ్?”

“మొగులయ్య పండుకోలే. ఎనిమిది కూత కోసం ఏడున్నరకే వచ్చిండు. సైరన్ గదికి తాళం ఉండె. ఆ తాళం నేనేసిన. మేనేజర్ సాబ్ ఎయ్యమన్నడు. జీపు గేటు దాటి పోయేదాక కూయొద్దు, కూస్తే గేటు కాడ మంది జమైతరు అన్నడు. మొగులయ్య నా అంగీ పట్టుకున్నడు. ‘పిల్లలకు పరీక్షుంది భాయ్, నీ కొడుకు గూడ ఉన్నడు, తాళం తియ్యి’ అన్నడు. నేను ఆయన కాళ్లు పట్టుకున్న. ఇంట్ల అయిదుగురు పిల్లలు నాకు. నా నౌకరి పోతదన్న. ఎవ్వలకు చెప్పనని మాటిచ్చిండు. నా నౌకరి ఉంది, ఆయనది పోయింది.”

ముత్యమ్మ చిన్నమ్మ కాక మొహంలోకి చూస్తూ ఉండిపోయింది.

వహాబ్ ఒక అడుగు వెనక్కి వేశాడు. “జీపుల ఏముండె అబ్బా?”

“మనిషుండె. టార్పాలిన్ కింద. రాత్రి షిఫ్టుల కెమికల్ మందు ఉడికే ట్యాంకుల పడ్డడు.”

“సచ్చిపోయిండా?”

ఫస్ట్‌షోకు టికెట్ల కిటికీ తెరిచారు. జనం అటు తోసుకుంటున్నారు. మా చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కరూ కదల్లేదు. బాబా మియా కొడుకు భుజాల మీద రెండు చేతులూ వేశాడు, వాడు ఎక్కడికీ పోకుండా పట్టుకున్నట్టు.

“సచ్చిండనే నాకు చెప్పిన్రు. చెరువు కట్ట ఎక్కంగనే టార్పాలిన్ కదిలింది. అద్దంల చూసిన.”

ఆయన కొడుకు భుజాల మీది చేతులు తీశాడు.

“నేను జీపు ఆపలే బేటా.”